ఫోను బాగానే ఉంది, కానీ పనికిరాదట!



మనలో పెద్దవాళ్ళు చాలామంది ఈమధ్య ఒకే మాట అంటున్నారు. తెర పగల్లేదు, మాట బాగానే వినిపిస్తోంది, అయినా బ్యాంకు యాప్ తెరుచుకోదు, సాఫ్ట్‌వేర్ పాతదంటుంది. దుకాణంలో అడిగితే "కొత్తది తీసుకోండి సార్" అంటారు. మా ఇంట్లో నాలుగేళ్ళ ఫోనుకి బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోయేది. సర్వీస్ సెంటర్‌లో చెప్పిన రేటు విని గుండె ఝల్లుమంది. రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్తే అరగంటలో మార్చి ఇచ్చారు. ఇంకా దాన్నే వాడుతున్నాం.

ఇది సెల్‌ఫోన్లతో మొదలైన తెలివి కాదండీ. 1924లో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో ఫీబస్ అనే కూటమి కట్టాయి. అప్పటిదాకా 1,500 నుంచి 2,000 గంటలు వెలిగే బల్బు ఆయుష్షును 1,000 గంటలకు దించాలని తీర్మానించుకున్నాయి. ఎక్కువకాలం వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా!

ఇక ఆపిల్ సంగతి. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్‌తో తగ్గించామని 2017 చివర్లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆరిపోకుండా అలా చేశామంది. ఆ కారణం అబద్ధమని మేము అనం. నీరసించిన బ్యాటరీతో ఫోను అలా ఆగిపోవడం నిజమే. కానీ ముందే చెప్పి ఉంటే, ఫోను నెమ్మదించిందని కొత్తది కొన్నవాళ్ళలో ఎంతమంది బ్యాటరీతో సరిపెట్టుకునేవారో! తర్వాత అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించారు. 2020లో ఫ్రాన్స్ 2 కోట్ల 50 లక్షల యూరోల జరిమానా వేసింది. వేగం తగ్గించినందుకు కాదు, కొన్నవాళ్ళకు ఆ విషయం చెప్పనందుకు.

మాకు కోపం వచ్చేది అక్కడే. కొత్త ఫోను ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళను తప్పుపట్టడం లేదు. అది వాళ్ళ డబ్బు, వాళ్ళ ఇష్టం. వేరే దారి ఉందని తెలియక కొనడం మాత్రం ఇష్టం కిందకు రాదు. ఒకప్పుడు వెనక మూత గోరుతో తీసి బ్యాటరీ మనమే మార్చుకునేవాళ్ళం. ఇప్పుడు జిగురేసి బిగించేస్తున్నారు.

కాస్త మార్పు వస్తోంది. 2022 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. పిక్సెల్ 8కి గూగుల్, గెలాక్సీ ఎస్24కి శామ్‌సంగ్ ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. మనలో ఎక్కువమంది కొనే చవక ఫోన్లలో చాలావాటికి అంత హామీ ఉండదు. అందుకే కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని కాక, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో తొందరపడి డబ్బు కట్టకండి.

వచ్చే ఆదివారం సమావేశానికి ఫోను మార్చాలనుకుంటున్నవాళ్ళు పాతది వెంట తీసుకురండి. ఈ పని తెలిసిన మన కుర్రాళ్ళు ఇద్దరు చూసి చెబుతామన్నారు. ఛార్జర్ కూడా మరిచిపోకండి.