గుర్రాలకూ బస దొరుకుతుంది!

పూర్వం తిరునాళ్లకు బండి కట్టుకుని బయల్దేరిన కుటుంబం పొద్దుగూకే వేళకు ఎక్కడ ఆగేది? చెరువున్న చోట. ఎడ్లకు నీళ్లు, కట్టేయడానికి చెట్టు, నాలుగు పరకల గడ్డి... ఇవి చూసుకున్నాకే మనుషుల వంట సంగతి. గుర్రాలను వెంటబెట్టుకుని సెలవులకు వెళ్లే అమెరికా కుటుంబాలదీ అచ్చం అదే లెక్క. కాకపోతే బండి స్థానంలో ఆర్వీ ఉంటుంది. వంటగది, పడకలు, బాత్‌రూమ్... అన్నీ చక్రాల మీదే ఉండే ఇల్లన్నమాట. దాని వెనక గుర్రాల ట్రైలర్. ముందు భాగంలో మనుషులు, వెనక భాగంలో గుర్రాలు ఉండేలా కట్టిన ట్రైలర్లూ ఉన్నాయి.

ఇలాంటి వాళ్ల కోసం అక్కడి జాతీయ పార్కుల్లో, రాష్ట్ర పార్కుల్లో, అడవుల్లో ప్రత్యేకంగా హార్స్ క్యాంపులున్నాయి. చిక్కల్లా ఎంపిక దగ్గరే! ‘గుర్రాలకు అనుమతి ఉంది’ అన్న మాటకు ఒక్కోచోట ఒక్కో అర్థం. కొన్నిచోట్ల పగలు స్వారీకి మాత్రమే అనుమతి, రాత్రికి ఉంచకూడదు. కొన్నిచోట్ల ట్రైలర్‌కే కట్టేసుకోవాలి. ఇంకొన్నిచోట్ల ప్రతి సైటు పక్కనే కంచె వేసిన దొడ్డి ఉంటుంది. వీటిని కొరాల్ అంటారు. బుకింగ్‌కు ముందు ‘రాత్రికి గుర్రం ఎక్కడ ఉంటుంది?’ అని అడిగితే సగం సంగతి తేలిపోతుంది.

మిగతా సగం నీళ్లు. గుర్రం రోజుకు 20 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది. ఎండాకాలం, స్వారీ చేసిన రోజు ఇంకా ఎక్కువే. పక్కన వాగు పారుతోంది కదా అనుకుంటే పొరపాటు. వేసవిలో వాగు ఎండిపోవచ్చు, గట్టు జారుడుగా ఉండవచ్చు. పైగా గుర్రానికి నోరు కాస్త సున్నితం. కొత్త ఊరి నీళ్ల వాసన నచ్చకపోతే మూతి తిప్పేసుకుంటుంది. అలా నీళ్లు మానేసి ఎండుగడ్డి మాత్రం తింటూ పోతే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. కోలిక్ అనే ఈ జబ్బు గుర్రం ప్రాణాలే తీయగలదు. దానికి వాంతి చేసుకునే వీలు కూడా ఉండదు మరి! వైద్యుడు గంటన్నర దూరంలో ఉన్న అడవిలో, అర్ధరాత్రి పూట గుర్రం నేల మీద పడి దొర్లుతుంటే ఆ కుటుంబం పరిస్థితి ఊహించుకోవచ్చు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇంటి నుంచే పీపాల్లో నీళ్లు తీసుకెళ్తారు. ఇంకో చిట్కా కూడా ఉంది. బయల్దేరడానికి వారం ముందు నుంచే నీళ్లలో కాస్త ఆపిల్ జ్యూస్ కలిపి అలవాటు చేస్తారు. కొత్త చోట కూడా అదే రుచి తగిలితే గుర్రం పేచీ పెట్టదు. మేతదీ ఇదే తీరు. 450 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది తొమ్మిది కిలోల ఎండుగడ్డి కావాలి. ఉన్నట్టుండి మేత మారిస్తే కడుపు తిరగబడుతుంది కాబట్టి ఇంటి గడ్డే మోసుకెళ్లాలి. అమెరికా పశ్చిమాన చాలా అడవుల్లో కలుపు విత్తనాలు లేవని ధ్రువీకరించిన గడ్డినే అనుమతిస్తారు. మన జట్కా గుర్రాలు ఉలవ గుగ్గిళ్లు తిని బతికేశాయి గానీ అక్కడ గడ్డిపరకకూ సర్టిఫికెట్ కావాలి!

ఇక దారి. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కునే చూడండి. 1934లో ఏర్పడిన ఈ పార్కులో దాదాపు 550 మైళ్ల కాలిబాటల్లో గుర్రాలకు అనుమతి ఉంది. ఆంథనీ క్రీక్, బిగ్ క్రీక్, కటలూచీ, రౌండ్ బాటమ్, టో స్ట్రింగ్... ఇలా ఐదు చోట్ల వాహనంతో నేరుగా వెళ్లగలిగే హార్స్ క్యాంపులున్నాయి. అడవి అందం చూడాలంటే వీటిని మించినవి తక్కువే. కానీ కరెంటు కనెక్షన్లు, వేడినీళ్ల స్నానాలు ఆశించకూడదు. చలికాలంలో మూసేస్తారు. ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. కటలూచీ లోయకు వెళ్లే కొండదారి ఇరుకు, మలుపులెక్కువ. ఆర్వీ, ట్రైలర్ కలిపి యాభై అడుగుల పొడవుంటే అలాంటి మలుపుల్లో వెనక్కి తిప్పడం నరకమే. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను కటలూచీ, బిగ్ క్రీక్ దారుల్ని బాగా దెబ్బతీసింది. అందుకే పాత గైడు పుస్తకాన్ని నమ్ముకోకుండా బయల్దేరే ముందు పార్కుకు ఫోన్ చేసి, క్యాంపు తెరిచి ఉందా, ఆఖరి పది మైళ్లు ఎలా ఉన్నాయి అని అడగడం మంచిది.

పెద్ద బండి, చిన్న పిల్లలు ఉన్నవాళ్లకు టెనెసీ, కెంటకీ సరిహద్దులోని బిగ్ సౌత్ ఫోర్క్ నయం. 1974లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 1.25 లక్షల ఎకరాలు. నది చెక్కిన లోయలు, ఇసుకరాతి తోరణాలు చూడముచ్చటగా ఉంటాయి. ఇక్కడి స్టేషన్ క్యాంప్, బేర్ క్రీక్ హార్స్ క్యాంపుల్లో ఆర్వీకి నీళ్లు, కరెంటు కనెక్షన్లు ఉన్నాయి. గుర్రాలను కట్టుకోవడానికి ఏర్పాట్లున్నాయి. ఇంట్లో సగం మందికి స్వారీ ఇష్టం లేకపోయినా ఇబ్బంది ఉండదు. ఆర్వీలకు వసతి ఉన్న బ్యాండీ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ పక్కనే గుర్రపుశాల ఉంది.

దొడ్డి కావాల్సిందే అనుకునేవాళ్లు సౌత్ డకోటా బ్లాక్ హిల్స్‌లోని కస్టర్ స్టేట్ పార్కు వైపు చూస్తారు. 71 వేల ఎకరాల ఆ పార్కులో ఫ్రెంచ్ క్రీక్ హార్స్ క్యాంపును గుర్రాలతో వచ్చేవాళ్లకే కేటాయించారు. సైట్ల దగ్గర కొరాళ్లున్నాయి. అయితే ఈ పార్కులో వెయ్యికి పైగా అడవిదున్నలు తిరుగుతుంటాయి. బైసన్ ఎదురైతే గుర్రం బెదరడం ఖాయం. దారిలో అవి కనిపిస్తే దూరం నుంచే పక్కకు తప్పుకోవాలి.

కొరాల్ లేని చోట రెండు చెట్ల మధ్య మనిషి తల కన్నా ఎత్తున తాడు బిగించి, దానికి గుర్రాన్ని కడతారు. బెరడు కోసుకుపోకుండా చెట్టుకు వెడల్పాటి పట్టీలు చుట్టాలి. నేరుగా చెట్టుకు కట్టేస్తే రాత్రంతా బెరడు కొరుకుతుంది, డెక్కలతో వేళ్లు తవ్వేస్తుంది. కట్టుతాడు మరీ వదులైతే కాలు చిక్కుకుంటుంది. అన్నట్టు, అది ఏ చెట్టో కూడా చూసుకోవాలి. వాడిపోయిన రెడ్ మేపుల్ ఆకులు గుర్రానికి విషం. తూర్పు రాష్ట్రాల అడవుల్లో ఆ చెట్టు ఎక్కడపడితే అక్కడే!

కాగితాల సంగతి మరచిపోతే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాల్సి ఉంటుంది. గుర్రాలకు సోకే ఇన్‌ఫెక్షియస్ ఎనీమియా లేదని చెప్పే కాగిన్స్ పరీక్ష రిపోర్టును చాలా క్యాంపులు అడుగుతాయి. రాష్ట్రం దాటితే పశువైద్యుడిచ్చే ఆరోగ్య ధ్రువీకరణా ఉండాలి. ఇంటిల్లిపాదీ పెట్టెలు సర్దుకున్నాక ఆ ఒక్క కాగితం ఇంట్లో మరచిపోతే సెలవులు అక్కడితో సరి.

ఒక్కో గుర్రం రోజుకు 20 కిలోలకు పైనే లద్దె వేస్తుంది. అది ఎక్కడ పోయాలో, పార ఉందో లేదో చూసుకోవాలి. ఇవేవీ లేకపోతే ఈగలతో పాటే భోంచేయాలి. మన పోర్షన్‌కూ పక్కవాళ్ల పోర్షన్‌కూ మధ్య దూరం చూసినట్టే సైట్ల మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా చూడాలి. పక్క సైటులో బంతాట, సైకిళ్లు, గొలుసు లేని కుక్క ఉంటే గుర్రానికి కంటి మీద కునుకుండదు. పిల్లలకైతే రెండు మాటలు ముందే గట్టిగా చెప్పాలి. గుర్రం వెనక నుంచి నడవొద్దు. హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు.

తొలిసారి వెళ్లేవాళ్లు వెయ్యి మైళ్ల యాత్ర పెట్టుకోకుండా ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న క్యాంపులో ఒక్క రాత్రి గడిపి వస్తే మంచిది. గుర్రం నీళ్లు తాగిందా, కట్టుతాడు దగ్గర కుదురుగా నిలబడిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఆ రాత్రి పిల్లలు ఎలాగూ నిద్రపోరు. టార్చి పట్టుకుని గంటకోసారి బకెట్‌లో నీళ్లు తగ్గాయో లేదో చూసొచ్చే పని వాళ్లకే అప్పగించేయొచ్చు. పక్కన పెద్దవాళ్లొకరు ఉంటే చాలు!