మిలిటరీ మాధవరంలో కోర్సుల వేట

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ‘మిలిటరీ’ అన్న ఇంటిపేరు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇక్కణ్నుంచి 90 మంది వెళ్లారు, రెండోదానికి వెయ్యి మందికి పైనే. నేను వెళ్లింది ఆ చరిత్ర కోసం కాదు. రిటైర్మెంటు దగ్గరపడ్డ జవాన్లు ఫోన్లో చదువులు ఎలా వెతుక్కుంటున్నారో చూద్దామని.

సెలవు మీద వచ్చిన ఓ హవల్దారు అరుగు మీద కుర్చీ వేసి, “ఇందులో ఏది పనికొస్తుందో చెప్పండి సార్” అంటూ ఫోను చేతికిచ్చారు. తెర నిండా ప్రకటనలే. సైబర్ సెక్యూరిటీ, లాజిస్టిక్స్, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ‘ఏడాదిలో డిగ్రీ’.

“యూజీసీ జాబితాలో ఆ యూనివర్సిటీ ఉందో లేదో చూశావా? ఆ కోర్సు కూడా ఉండాలిరా అబ్బాయ్” అన్నారు పక్కింటి రిటైర్డ్ సుబేదారు. ఇంజినీరింగ్, లా, నర్సింగ్ డిగ్రీలను ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. ఇదొక్కటి తెలిస్తే చాలా ప్రకటనలు చదవకుండానే తీసేయొచ్చు.

“అసలు నీకు డిగ్రీ ఎందుకు?” అని కూడా అడిగారాయన. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్న మాజీ సైనికుడు, డిగ్రీ అడిగే కేంద్ర గ్రూప్-సి రిజర్వుడు పోస్టులకు అర్హుడే. సాంకేతిక అనుభవం తప్పనిసరైన పోస్టులు వేరు. ఈ సంగతి తెలియకే చాలామంది ఫీజులు కడుతున్నారని నాకనిపించింది. తక్కువ కాలానికి సైన్యంలో చేరే అగ్నివీరుల లెక్క వేరు. వాళ్లకోసం ఇగ్నో రూపొందించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణకే వస్తాయి.

హవల్దారుకు నచ్చింది ఐఐటీల ఎన్‌పీటెల్. పాఠాలు రికార్డు చేసి ఉంటాయి, చదువు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. ఆ పరీక్షకు ఫీజు కట్టి సెంటరుకు వెళ్లి కూర్చోవాలి. “అసైన్‌మెంట్లన్నీ చేశానండి. పరీక్షనాటికి ఎక్సర్‌సైజులో ఉన్నాను. పోయింది” అన్నారాయన నవ్వేస్తూ. సరిహద్దులో సిగ్నల్ అందదని అందరూ జాలిపడతారు గానీ, వీడియోలు ముందే దింపుకోవచ్చు. జవానుకు దొరకనిది పరీక్షనాటి సెలవు.

ఇక రక్షణ శాఖ కింద పనిచేసే పునరావాస డైరెక్టరేట్ జనరల్ (డీజీఆర్) ఉండనే ఉంది. సర్వీసు చివరి రెండేళ్లలో పునరావాస కోర్సులు ఇప్పిస్తుంది. జవాన్లకూ, సుబేదారు లాంటి జేసీఓలకూ ఫీజు మొత్తం అదే భరిస్తుంది, ఆఫీసర్లకైతే 60 శాతం. యూనిట్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. “అదెప్పుడు పెట్టుకోవాలి బాబాయ్?” అని హవల్దారు అడగడం నాకు ఆశ్చర్యమే. అన్నేళ్ల సర్వీసులో ఆ మాట ఎవరూ ఆయన చెవిన వేయలేదు.

ఆ సాయంత్రం ఆయన ఎక్కడా డబ్బు కట్టలేదు. ముందు యూనిట్ క్లర్కును కనుక్కుంటానన్నారు. మీ ఇంట్లోనూ ఫౌజీ ఉంటే, ఫీజు కట్టేముందు పరీక్ష ఎప్పుడో, సెంటరు ఎక్కడో కనుక్కోమని చెప్పండి.