అరంగుళం పానా

మా నాన్నగారి పానాల సంచిలో పదమూడు నంబరు పానా లేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో, కొంచెం ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

మాది రావికమతం. అప్పట్లో విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఆ ఊళ్ళో ఒక బెల్లం షావుకారుగారి అంబాసిడర్ కారును నాన్నగారు పదకొండేళ్ళు నడిపారు. మార్క్ 2 కారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకూ, చోడవరానికీ, నర్సీపట్నానికీ తిరిగిన తిరుగుడుకు లెక్కలేదు. 1988లో ఆ బండి విశాఖపట్నంలో ఒక షెడ్డులో నాలుగు రోజులు ఉండి వచ్చింది. వచ్చిన రెండు వారాలకు నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. షావుకారుగారి బంధువొకాయన బానెట్ ఎత్తి చూసి, "అసలు కార్బొరేటర్ అమ్ముకుని డూప్లికేటు బిగించాడు" అన్నాడు. నాన్నగారు "నేను మార్చలేదు బాబూ" అన్నారు. అంతకు మించి వాదించలేదు. మర్నాడు తాళాలు వాళ్ళ అరుగు మీద పెట్టి వచ్చేశారు.

ఆ తరువాత మా ఇంట్లో ఆ మాట ఎత్తినవారు లేరు. నేను మాత్రం ఒక నమ్మకం పెంచుకున్నాను. అది అసలు కార్బొరేటరే అయివుంటుంది, చూసినాయనకే చూడడం రాలేదు అని.

కిందటేడు షావుకారుగారి మనవడు కబురు పంపాడు. పాత కార్లు సేకరించే ఆయనెవరో కొంటారట. అయితే ఇంజనులో ఏది అసలు, ఏది నకలు అన్నది కాగితం మీద రాసి ఇవ్వాలట. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నన్నడిగాడు. పాఠం వేరు, చేతివాటం వేరు. అందుకని ఊళ్ళో ఉన్న ముసలి మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్ళాను. సంచి కూడా పట్టుకెళ్ళాను.

అంబాసిడర్ అంటే మన బండే అనుకుంటాం కానీ, దాని పుట్టుక ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో 1950ల చివరినుంచి 2014 దాకా తయారుచేశారు. ఈ కారులో ఉన్న 1489 సి.సి. ఇంజను, ఒకనాటి ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారులోనిదీ ఒకే కుటుంబం. కంపెనీ తయారీ ఆగిపోయిన బండికి నకలు భాగాలే ఊపిరి. వాటిని తిట్టడం నాకిష్టం లేదు. నకలును అసలని అమ్మడమే తప్పు.

పెట్టె మీది అచ్చును నమ్మవద్దు. పెట్టెను ఎవరైనా అచ్చు వేయించగలరు. లోహాన్ని చూడాలి. పోతపోసిన లోహం చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది. అసలు భాగాన్నే నమూనాగా పెట్టి అచ్చు తీసి పోస్తే, వచ్చేది వెంట్రుకవాసి చిన్నదవుతుంది, అక్షరాల అంచులు మొద్దుబారతాయి. కిరసనాయిలుతో కడిగాక మా ఎస్.యు. కార్బొరేటర్ ఒంటి మీద అక్షరాలు పదునుగా కనిపించాయి. నా గుండె తేలికపడింది. తొందరపడ్డానని తరువాత తెలిసింది.

ఎస్.యు.లో పైన ఒక గిన్నె, దానిలో ఒక పిస్టను ఉంటాయి. ఈ రెండూ జతగా తయారైనవి. వాటి మధ్య సందు ఎంత తక్కువంటే, ఒకదాని గిన్నె మరొకదాని పిస్టనుకు కుదరదు. మేస్త్రీ స్ప్రింగు తీసి, పిస్టను గాలిరంధ్రాలు మూసి, రెండింటినీ కూర్చి తలకిందులుగా పట్టుకున్నాడు. జత సరైనదైతే గిన్నె నింపాదిగా జారాలి. దబ్బున జారింది.

"నకలూ కాదు బాబూ, దీనిదీ కాదు. గిన్నె ఇంకో బండిది" అన్నాడు.

అంటే డూప్లికేటు అన్న మాట అబద్ధం. మార్చారన్న మాట నిజం. పొగ ఎందుకొచ్చిందో కూడా తెలిసిపోయింది. గాలి, పెట్రోలు పాలు తప్పిపోయాయి.

కార్బొరేటరు విప్పేటప్పుడు జరిగినది ఇప్పుడు చెప్పాలి. మానిఫోల్డుకు బిగించిన నట్లలో ఒకదాని మీదికి నాన్నగారి అరంగుళం పానా ఎక్కలేదు. రెండోదానికి చక్కగా పట్టింది. ఈ ఇంజను మరలన్నీ అంగుళాల లెక్కవి. స్టడ్డు అయిదు బై పదహారు అంగుళం, అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్ల నట్టు చూడడానికి అచ్చం దాని కవలలా ఉంటుంది. కానీ దాని మర వెడల్పు వేరు. రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బలవంతపెడితే స్టడ్డు మరను నమిలేస్తుంది. ఇక్కడ నమిలేసింది కూడా. ఆ నట్టుకు కావలసింది పదమూడు పానా. అరంగుళమంటే 12.7.

ఆ సంచిలోవి అన్నీ అంగుళాల పానాలే. కొత్త పానాలు కొందామంటే "ఈ బండికి అక్కరలేదురా" అనేవారు. అయితే ఇది సాక్ష్యమా? దవడలు జరిపే పానా అరువు తెచ్చి ఎవరైనా బిగించవచ్చు. ఆ నట్టు 1988లో పడిందో, ఆ తరువాత ముప్ఫై ఏళ్ళలో మరెవరు వేశారో చెప్పడానికి ఆధారం లేదు. గిన్నె సంగతీ అంతే.

మనవడు పక్కనే నిలబడి, "ఏం రాస్తారు మాస్టారూ?" అన్నాడు. పాత కథ అతనికి తెలుసో తెలియదో. గిన్నె సంగతి రాయకపోయినా కొనేవాడు కనిపెట్టేవాడు కాడు. రాస్తే, ఆ రోజు అన్న మాటలో సగం నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు.

రాశాను. ఒళ్ళు అసలు, పైగిన్నె వేరే బండిది, ఒక నట్టు మిల్లీమీటర్లది, స్టడ్డు మర చెడింది. తేదీ వేసి సంతకం చేశాను. అతను ధర తగ్గుతుందని కొంచెం ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, ఏం తేలిందని. ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత సంచి తెమ్మంది. తన చూపు ఆనడం లేదు కనుక పానాలు ఒక్కొక్కటే నా చేతికిచ్చి అంకెలు చదవమంది.

ఏడు బై పదహారు. అర. తొమ్మిది బై పదహారు. చదివాను.