నాయన మానేసిన నీళ్ల మాత్ర

2025 జూన్‌ నెల మన జిల్లాలో మామిడి రైతెవరూ మర్చిపోరు. తోతాపురి కాయతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందర కిలోమీటర్ల పొడుగున నిలబడిన రోజులు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు ఇస్తాదన్నారు. ముందు కాయ దించుకుంటే కదా ఆ లెక్క! నేను తోటలో కోతల దగ్గర ఉంటే, లైన్లో బండి దగ్గర నాయన కూర్చున్నాడు. మూడు పగళ్లు, రెండు రాత్రుళ్లు.

నాయనకు గుండె బలహీనం. రోజూ పొద్దున లాసిక్స్ మాత్ర వేసుకోవాల. మేం నీళ్ల మాత్ర అంటాం. వేసుకున్న గంటలోపే ఒంటేలు మొదలై ఆరు గంటల దాకా వస్తానే ఉంటాది. "మాటిమాటికీ యాడికి పోయేదిరా? బండి ముందుకు జరిగితే ఎవురు చూస్తారు?" అని ఆ మూడు రోజులూ మాత్ర ముట్టలేదంట. మాకు చెప్పనూ లేదు. తిన్నదేమో పులిహోర, ఊరగాయ. అంతా ఉప్పే.

ఇంటికొచ్చేసరికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. వేలితో నొక్కితే గుంట అట్నే నిలబడింది. బడలిక అనుకొని, ఇంట్లో ఉన్న నొప్పుల మాత్ర నేనే ఇచ్చినా. నడిరేయి పడుకోలేక లేచి కూర్చున్నాడు, ఊపిరి ఆడలేదు. ఆటోలో తిరుపతికి తీసకపోతే నరానికి అదే మందు సూదేసినారు. తెల్లారేసరికి మనిషి తేరుకున్నాడు.

డాక్టరమ్మ చెప్పింది నాకు చేని భాషలో అర్థమైంది. మోటారు బలం తగ్గితే నీళ్లు పల్లంలో నిలబడతాయి. ఈ మాత్ర గెనిమకు గండి కొట్టి ఆ నీళ్లు బయటికి పంపిస్తాది. అంటే ఉప్పును ఒంటేల్లోకి తోస్తాది, దాని వెనకే నీళ్లు పోతాయి. మోటారును బాగుచేయదు. అందుకే రోజూ కావాల. నొప్పుల మాత్ర ఆ గండిని పూడ్చేస్తాదంట. నా తప్పు అప్పుడు తెలిసింది.

"ప్రయాణం ఉంటే ఇల్లు చేరినాక మధ్యాహ్నం వేసుకో పెద్దాయనా. మానేయొద్దు, మరుసటి రోజు రెండూ వేయొద్దు" అన్నింది. వాంతులు, విరేచనాలైతే వెంటనే ఫోన్ చేయమంది. టెంకాయ నీళ్లు కూడా అడిగే తాగాలంట. నీళ్ల మాత్రల్లో కొన్ని ఒంట్లో పొటాషియం తీసేస్తాయి, కొన్ని నిలబెడతాయి. అందరికీ ఒకటే లెక్క కాదు. అప్పుడప్పుడు రక్త పరీక్ష తప్పదు. రోజూ పొద్దున బరువు చూసుకోవాల. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీళ్లు.

కాయ తూకంలో రెండు కిలోలు తేడా వస్తే కొట్లాడతాం కదా అన్నా. ఇంట్లో మనిషి తూకం మాత్రం చూడం. ఇప్పుడు మా పంచలో ఒక తూకం మిషను ఉంది. నాయన నంబరు చెప్తే కోడలు క్యాలెండర్‌పై రాస్తాది.

మగోడే చెట్టు చాటుకు పోలేక మాత్ర మానేసినాడు. కూలికి పోయే ఆడోళ్ల సంగతి ఆలోచించండి. బండ్లు నిలిపేచోట ఒక మరుగుదొడ్డి అడగడం కూడా రేటు అడిగినంత అవసరమే. ఈసారి లైన్లో మీ ఇంటి పెద్దోళ్లుంటే, ఫోన్ చేసి బండి ఎంత జరిగిందని అడిగేముందు మాత్ర వేసుకున్నారా అని అడగండి.