5 చాలు... 36 చాలవు!

క్రికెట్‌ చూసే ఇళ్లలో టాస్‌ పడగానే మొదలయ్యే ప్రశ్న... ఈ పిచ్‌ మీద ఎంత కొడితే గెలుస్తాం? జనవరి వచ్చిందంటే అమెరికా ఇళ్లలోనూ ఇదే చర్చ, అక్కడి ఫుట్‌బాల్‌ గురించి. పేరుకే ఫుట్‌బాల్‌. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుకుంటూ, చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట అది. బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్‌, 6 పాయింట్లు. అంతదాకా వెళ్లలేక దూరం నుంచే స్తంభాల మధ్యకి తన్నితే 3. ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్‌ పోయిందా, ఇంటికే!

అలాంటిచోట 5 పాయింట్లతో గట్టెక్కిన జట్టుంది. 1970 డిసెంబరు 26న డాలస్‌ 5-0తో డెట్రాయిట్‌ని ఓడించింది. ఒక్క టచ్‌డౌనూ లేదు. మరి 2022 జనవరి 23న బఫెలో? 13 సెకన్లు ఉందనగా 36-33తో ముందుంది. కాన్సస్‌ సిటీ ఆ కాస్త సమయంలోనే స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో టాస్‌ కూడా వాళ్లదే. 42-36తో గెలిచేశారు. పాపం, బఫెలోకి మళ్లీ బంతి చేతికే రాలేదు. ఆ తర్వాతే ప్లేఆఫ్స్‌ నిబంధన మార్చారు.

అన్నింటికన్నా ముచ్చటైన కథ బాల్టిమోర్‌ రేవెన్స్‌ది. 2000 సీజన్‌లో వరసగా 5 మ్యాచ్‌లు ఒక్క టచ్‌డౌన్‌ కూడా చేయలేకపోయారు. అయినా అందులో రెండు గెలిచారు! ఎందుకంటే రే లూయిస్‌ నడిపిన రక్షణదళం 16 మ్యాచ్‌ల్లో ఎదుటివాళ్లకి ఇచ్చింది 165 పాయింట్లే. ప్లేఆఫ్స్‌లో 4 మ్యాచ్‌లకీ కలిపి 23. సూపర్‌బౌల్‌లో న్యూయార్క్‌ జెయింట్స్‌ని 34-7తో చిత్తుచేశారు. ఆ 7 కూడా రక్షణదళం ఇచ్చినవి కావు, కిక్‌ని అందుకుని ఒకతను చివరిదాకా పరిగెత్తాడు, అంతే.

2013లో డెన్వర్‌ది సరిగ్గా తిరగబడిన కథ. సీజన్‌లో 606 పాయింట్లు... 600 దాటిన తొలి జట్టు. తీరా సూపర్‌బౌల్‌లో మొదటి బంతే పేటన్‌ మానింగ్‌ తల మీదుగా వెనక్కి పోయింది. సియాటిల్‌కి ఉత్తపుణ్యానికి 2 పాయింట్లు. చివరికి 43-8.

ఇంతకీ రేవెన్స్‌ ఏం చేశారు? కప్పు గెలిచాక, జట్టు ఇంకా ఎక్కువ పాయింట్లు చేయాలని క్వార్టర్‌బ్యాక్‌ ట్రెంట్‌ డిల్ఫర్‌ని వదిలేసుకున్నారు. కొత్తవాణ్ని తెచ్చుకున్నారు. మరుసటి ఏడు ప్లేఆఫ్స్‌ రెండో మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్‌ చేతిలో ఓడారు, 27-10తో.