పాకం గిన్నె తీసేదెప్పుడు?

సంక్రాంతి వెళ్లాక తేనెటీగల పెట్టెల్లో పంచదార పాకం పెట్టడం ఎప్పుడు మానాలి? చలిదేశాల పుస్తకాలు చదివినవాళ్లు వసంతం రాగానే అంటారు. నెలల తరబడి చలికి ముడుచుకుపడి ఉన్న ఈగకు అక్కడ వసంతంతోనే ప్రాణం లేచివస్తుంది. కృష్ణా డెల్టా దిగువన ఈగ ఆకలి లెక్క వేరు. దానికి ఇక్కడ కరువు వానాకాలంలో. ఆ నెలల్లో కనుచూపు మేర వరే. వరి పువ్వులో పుప్పొడి ఉంటుంది గాని మకరందం చుక్కయినా ఉండదు. ముసురు పట్టిందంటే ఈగ గడపే దాటదు. అప్పుడు మొదలెట్టిన పాకం మాఘమాసం వచ్చినా అలవాటుకొద్దీ సాగిపోతుంటుంది. దాన్ని ఆపే రోజు పంచాంగం చూసి తేల్చేది కాదు, రోడ్డు మీద నుంచి చేలో పూత చూసి తేల్చేది అంతకన్నా కాదు. పట్టు చూసి తేల్చాలన్నది నా వాదన.

పాకం ఏ పనికి వస్తుందో ముందు చూడాలి. పంచదార ఈగకు సత్తువనిస్తుంది, అంతే. పిల్ల పెరగడానికి కావలసిన మాంసకృత్తులు పుప్పొడిలోనే ఉన్నాయి. పంచదారకు సమంగా నీళ్లు కలిపి పలుచగా కాచిన పాకం కొద్దికొద్దిగా అందుతూ, బయట పుప్పొడి కూడా దొరుకుతుంటే, రాణి ఈగ గుడ్లు పెట్టడం పెంచుతుంది. గుడ్డు ఈగై బయటికి రావడానికి దాదాపు మూడు వారాలు. ఆ ఈగ ఇంటిపనులు ముగించి పూల మీదికి వెళ్లేసరికి మరో రెండు మూడు వారాలు. ఉగాదినాటి వేపపూత మీద వాలే ఈగ మాఘమాసంలో పెట్టిన గుడ్డన్నమాట. అందుకే పాకానికి విలువంతా పూతకు ముందే. మకరందం ధారాళంగా వస్తుండగా పోసింది పిల్లల కడుపులోకి పోదు, నిల్వ గళ్లకెక్కుతుంది. గళ్లు నిండితే రాణికి గుడ్డు పెట్టే చోటు తగ్గుతుంది. మేలు చేద్దామని పోసిన పాకమే జనాన్ని తగ్గిస్తుంది.

ఇక ఊరూరికీ ఒకే తేదీ ఎందుకు కుదరదంటే, యాభై కిలోమీటర్ల లోపే మేత మారిపోతుంది. గుడివాడ వైపు వరి కోతకు ముందు చల్లిన మినుము సంక్రాంతి దాటాక పూతకొస్తుంది. పచ్చగా పరుచుకున్న ఆ చేను చూసి ఇక మేతకు లోటు లేదనుకుంటాం. కాని మినుము పువ్వు చాలావరకు తనలో తానే ఫలదీకరణ కానిచ్చుకుంటుంది. ఈగను పిలవాల్సిన అవసరం దానికి తక్కువ. పైగా చేల స్థానంలో చేపల చెరువులు వచ్చినచోట ఈగకు గట్ల మీది చెట్లే గతి. దివిసీమలో, అవనిగడ్డ, నాగాయలంక దారిలో, కొబ్బరి ఏడాది పొడవునా గెల వేస్తూనే ఉంటుంది. మగపూల పుప్పొడి తెగకుండా అందుతుంది కనుక అక్కడ పాకం ముందే ఆపవచ్చు. మచిలీపట్నం ఉప్పునేలల మీద సర్కారు తుమ్మ ఉంది. రైతు తిట్టుకునే చెట్టే గాని, తేనెటీగకు అంతకంటే నమ్మకమైన మేత ఆ చౌడులో దొరకడం కష్టం.

అయితే పట్టులో చూసేదేమిటి? ఉదయం మూత తీసి, పొగ తక్కువగా పట్టి, అంచు చట్రాన్ని పైకెత్తి అడ్డంగా వాల్చి మెల్లగా కుదిపితే తాజా మకరందం పలుచటి చుక్కలుగా రాలుతుంది. క్రితం రెండు రోజులూ గిన్నెలో పాకం లేకుండా చూసుకున్నాకే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది. లేకపోతే రాలేది మనం పోసిందే. పైపట్టీ వెంబడి కొత్త మైనం తెల్లగా మెరవాలి. పిల్లల పైన తేనె వంపుగా మూతలు కట్టి ఉండాలి. ఈ మూడూ కనిపించిన పెట్టెకు ఆ రోజే గిన్నె తీసేయవచ్చు. పక్క పెట్టెలో కనిపించకపోతే దానికి ఇంకా పెట్టాలి. పెట్టెలన్నిటికీ ఒకేరోజు మానడం మన సౌకర్యం కోసమే.

ఆకలితో పోతాయేమోనన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. మన పుట్ట తేనెటీగ తిండి కరువైతే చచ్చేదాకా కూర్చోదు, పెట్టె వదిలి లేచిపోతుంది. పిల్ల నిండుగా ఉన్నప్పుడే ఖర్చూ ఎక్కువ. కాని దానికి మందు మూతకట్టిన తేనెను పిల్లల గదిలో వదిలేయడం, ఆశకొద్దీ పిండుకోకపోవడం. వద్దనుకుంటే ఈగలే పాకం మానేస్తాయి కదా అని మరికొందరంటారు. మంచి మకరందం దొరికితే పాకం మీద మోజు తగ్గుతుంది, నిజమే. పూర్తిగా మానతాయన్న హామీ లేదు. తేనె గది ఎక్కించాక లోపలికి వెళ్లిన ప్రతి చుక్కా తేనె పేరుతో సీసాలోకి వస్తుంది. చెరకు గాలిలోని కార్బన్‌ను పట్టే తీరు వేపకూ తుమ్మకూ ఉన్నట్టు ఉండదు. దాని పంచదారలో బరువైన కార్బన్-13 కాస్త ఎక్కువ. ప్రయోగశాలలు దీన్ని బట్టే పట్టేస్తాయి. మన ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో ఇలాంటి చక్కెర 7 శాతం మించకూడదు. ఊళ్లో అమ్ముకునే తేనెను ఎవరు పరీక్షిస్తారని అడిగేవారూ ఉన్నారు. పరీక్షించరు. అయినా కొన్నవాళ్లు తేనెకే డబ్బిచ్చారు.

గిన్నె తీసేశాక మళ్లీ పెట్టాల్సిన సందర్భం ఇక్కడ ఒకటుంది. మినుముకు మారుకా మచ్చల పురుగు మందు కొట్టేది సరిగ్గా మొగ్గ, పూత దశలోనే. మేతకు వెళ్లిన ఈగలు తిరిగి రాకపోతే లోపల మిగిలేది పిల్లా, వాటిని సాకే చిన్న ఈగలే. అప్పుడు తేనె గది దించి, సాయంత్రం పూట కొద్దిగా పాకం, చీమలు పట్టకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు. చట్రం కుదిపితే మళ్లీ చుక్క రాలేదాకా అంతే.