తాళ్లప్రొద్దుటూరి రావిచెట్టు



ఈ నెల మేము వ్రాయబోయేది ఒక చెట్టును గూర్చి. ఎత్తు రెండడుగులకు మించదు. వయస్సు మాత్రము మా పెద్దకుమార్తె వయస్సు కంటె ఎక్కువ. 2025 ఆగస్టు నెలాఖరున ప్రొద్దుటూరులో ఒక పాఠశాల ఆవరణములో జరిగిన మొక్కల ప్రదర్శనలో దానిని పెట్టాము. చూచినవారిలో మన సంఘస్తులు కొందరు, "అయ్యగారూ, ఇంత చిన్న చెట్టుకు ఇంత ముసలి మొదలు ఎట్ల వచ్చింది? మేమూ పెంచుతాము, చెప్పండి" అని అడిగారు. ఆరాధన అయిన తరువాత గుడి గుమ్మములో నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

2020లో మేము జమ్మలమడుగులో పరిచర్య చేస్తున్నాము. కరోనా వలన గుడి తలుపులు మూసిన దినములు. అదే సంవత్సరము గండికోట జలాశయములో నీరు పెంచడముతో కొండాపురం మండలములోని తాళ్లప్రొద్దుటూరు ఖాళీ కావలసి వచ్చింది. ఆ జలాశయము 26.85 టి.ఎం.సి.లు పట్టుతుందని పత్రికలో చదివినప్పుడు మాకది ఒక అంకె మాత్రమే. ఆగస్టులో ఆ ఊరి వీధిలో నిలబడి దూలాలు, వాకిళ్లు, విసుర్రాళ్లు ట్రాక్టరుకు ఎక్కుతుంటే చూచినప్పుడు ఆ అంకె ఎంతటిదో తెలిసింది.

మాకు తెలిసిన ఒక అవ్వ ఇంటి సామాను ఎత్తడానికి ఆ దినమున వెళ్లాము. అవ్వ మనవడు బేల్దారి. పడసాల వెనుక గోడలో, మనిషి ఛాతీ ఎత్తున, రాళ్ల సందులో నుండి ఒక రావి వచ్చి ఉంది. మొదలు రెండు పిడికిళ్లంత లావు, పైన కొమ్మలు మూరెడు. వేళ్లు రాళ్ల మధ్య పట్టీల వలె అణిగి, వాటి మీద సున్నము పొరలు పొరలుగా కట్టి ఉంది.

"పిట్ట ఏసిన గింజయ్యా. మా పెద్దోని పెండ్లి ఏడు కండ్ల పడింది. ఏటా క్రిస్మసుకు సున్నం కొట్టేటప్పుడు కొడవలితో కోస్తాంటి. మల్ల వస్తాది. సచ్చేది లేదు, పెరిగేది లేదు" అన్నది అవ్వ.

ఆ మాట వినగానే మేమిద్దరము, అనగా మేమును, మీరందరు అమ్మగారు అని పిలిచే మా ఇల్లాలును, ఒకరి ముఖమొకరు చూచుకున్నాము. అంతకు కొన్నేళ్ల ముందు బెంగుళూరు లాల్‌బాగ్ పూలప్రదర్శనలో బోన్సాయ్ చెట్లు చూచి వచ్చి, ఇంటి వెనుక తొట్లలో చింతగింజలు, సీమచింత గింజలు వేసిన వెర్రి మాకు ఉంది. ఇరుకు తొట్టిలో గింజ నుండి పెంచితే మొదలు లావెక్కదు. ఏళ్లు గడిచినా మా చింత బొటనవ్రేలి లావు దాటలేదు. అందుకే ఈ పని తెలిసినవారు గాలికి, కరువుకు, మేకల నోటికి గిడసబారి బ్రతికిన చెట్లను వెదకి తెచ్చుకుంటారు. జపానువారు దీనిని యమదోరి అంటారు. మన చెవికి యముడు వినిపిస్తాడు గాని వారి భాషలో యమ అంటే కొండ. అయితే తెచ్చిన చెట్లలో ఎన్ని చస్తాయో చూచినవారికి మన అర్థమే సరిపోయిందనిపిస్తుంది.

ఇది చదివి మన పిల్లలు గడ్డపార పట్టుకొని లంకమలకో పాలకొండలకో పోకూడదని ఇక్కడే చెబుతున్నాము. రిజర్వు అడవిలో చెట్టు పెరకడము 1967 అటవీ చట్టము ప్రకారము నేరము. పొట్టిగా ఉన్నది గదా, ముండ్లపొద గదా అని వాదించవద్దు. లోకము నుండి పోయిందనుకున్న కలివికోడి 1986లో మన జిల్లాలో మరల కనిపించింది ఆ ముండ్లపొదల మధ్యనే. పడగొట్టే ఇంటి గోడ, పాడుపడిన బావి వరుస, పూడ్చబోయే మోరీ, వీటి దగ్గర వెదకండి. అదీ యజమానిని అడిగి.

మేము అవ్వను అడిగాము. "నీళ్లలో మునిగేదే గదయ్యా, తీసకపోండి" అన్నది.

మనవడు గోడను పైనుండి ఒక్కొక్క రాయి చొప్పున విప్పుకుంటూ వచ్చాడు. సగము పూట పట్టింది. వేరును లాగకుండ రాతినే లాగాలి అనే తెలివి అతనికి మేము నేర్పలేదు. అది బేల్దారి చేతిలోనే ఉంది. ఆకులన్నీ దులిపి, కొమ్మలు కుదించి, కారిన పాలు తడిగుడ్డతో తుడిచి, వేళ్లకు తడి గోనెసంచి చుట్టి జమ్మలమడుగు తెచ్చాము. పగిలిన కుడితి తొట్టి సగములో ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెము పాత ఎరువు కలిపి నాటాము. ఇరవై రెండు దినములు ఏమీ లేదు. ఇరవై మూడవ దినమున ఎర్రటి మొన ఒకటి కనిపించింది. ఆలోగానే ఊరిలోకి నీరు వచ్చిందని కబురు వచ్చింది.

రెండేళ్లు దానిని ముట్టుకోలేదు. ఇది చాల కష్టమైన భాగము. అడవిదైనా గోడదైనా, తెచ్చిన చెట్టు కొత్త వేరు పట్టేదాక తీగ చుట్టరాదు, కొమ్మ వంచరాదు. ఒక సంఘపెద్ద మాత్రము "అయ్యగారి ఇంట రావిచెట్టేమి?" అని అడిగారు. పిట్టకు ఏ గోడ ఎవరిదో తెలియదు గదా అన్నాము.

2022లో పులివెందులకు బదిలీ అయింది. చెట్టు మంచముతో, పుస్తకాలతో కలిసి ట్రాలీ ఆటోలో వచ్చింది. మా తప్పు జరిగింది అక్కడే.

మరుసటి ఏడు ఒక ప్రదర్శన ఉంటుందని ఎవరో అన్నారు. తొందర పుట్టింది. ఏప్రిల్లో తొట్టి నుండి తీసి, వేళ్లు కోసి, చిన్న తొట్టిలోకి మార్చాము. మే నెలలో, ఆకులు చిన్నవిగా రావాలని, ఉన్న ఆకులన్నీ తుంచివేశాము. రెండు పనులూ తెలిసిన పనులే. కాని ఒకే ఎండకాలములో రెండూ చేయరాదు. వేళ్లు కోసిన చెట్టుకు కోలుకోవడానికి ఆకే ఆధారము. ఆ ఆకును మేము తీసివేశాము. కుడివైపు క్రింది కొమ్మ, చెట్టుకు చూపంతా ఇచ్చే మొదటి కొమ్మ, ఎండిపోయింది. మన సంఘములో చీనీతోట రైతు ఒకాయన గోరుతో బెరడు గీరి చూచి, "పచ్చి లేదు అయ్యగారూ. చీనీచెట్టుకు ఇట్ల చేస్తే తోట కొట్టేసుకోవల్సిందే" అన్నాడు. ఆయన మాట మెత్తన కాదు. ఆయనే సాయంత్రము కిలో మైలుతుత్తానికి కిలో సున్నము, పది లీటర్ల నీళ్ల లెక్కన తోటకు కలిపిన బోర్డో పేస్టు ఒక డబ్బాలో తెచ్చి, ఎండిన కొమ్మ కోసిన చోట పూశాడు. జపాను జూనిపరు చెట్లలో ఎండిన కొమ్మను అట్లే ఉంచి గంధకము, సున్నము కాచిన నీరు పూస్తే ఎముక వలె తెల్లగా ఏళ్లపాటు నిలుస్తుంది. రావి కొయ్య మెత్తన, కుళ్లిపోతుంది. కోయక తప్పదు.

ఆ గాయము క్రింద నుండి ఒక చిగురు వచ్చింది. మోటారు వైండింగు అంగడిలో రాగి తీగ తెచ్చి, మెత్తబడేటట్లు వరిగడ్డి మంటలో కాల్చి చుట్టాము. వానలకు రావి ఎంత త్వరగా ఊరుతుందో అప్పుడు తెలిసింది. ఆరు వారాలకే తీగ బెరడులోకి దిగింది. తీగను త్రిప్పి తీయరాదు, ముక్కలుగా కత్తిరించాలి. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నవి.

2024లో ప్రొద్దుటూరు వచ్చాము. ఇక్కడ పింగాణీ పళ్లెము కొనడానికి చూచి, వెల విని, వెనుకకు వచ్చాము. అవ్వ మనవడు జమ్మలమడుగు నుండి అంచులు చెక్కని ఒక నాపబండ తెచ్చి ఇచ్చాడు. నాలుగు రంధ్రములు తొలిచి, వాటిలో నుండి తీగ పోనిచ్చి చెట్టును బండకు కట్టాము. కడప బండ మీద కడప చెట్టు చూడ ముచ్చటే గాని, ఆ నల్లరాయి మధ్యాహ్నమునకు పెనమవుతుంది. నీడ వల వేసి, చుట్టూ తడి గోనె పరచి కాపాడుకున్నాము.

2025 ప్రదర్శన తేదీ తెలిసిన తరువాత వెనుకకు లెక్కించుకున్నాము. రావికి కొత్త ఆకు పూర్తిగా విచ్చడానికి ఐదారు వారాలు. కాబట్టి జూలై మధ్యలో ఆకులు తీయాలి. ఈసారి వేళ్లను ముట్టలేదు, చెట్టు బలముగా ఉంది. తొడిమె ఉంచి ఆకును మాత్రము కత్తిరించాము. అదే వారములో అవ్వ కంటి పరీక్షకు ప్రొద్దుటూరు వచ్చి, మా ఇంటికి వచ్చి, మోడుగా ఉన్న దానిని చూచి మెట్ల మీద కూర్చుండిపోయింది. "చంపేసినారా అయ్యా?" అన్నది. మేము ఎంత చెప్పినా నమ్మలేదు. కాఫీ త్రాగకుండానే వెళ్లిపోయింది.

ఆకులు వచ్చాయి. మొదట రాగిరంగు, తరువాత లేతపచ్చ. అరచేయంత ఉండవలసిన ఆకు పసిబిడ్డ అరచేయంత వచ్చింది.

చివరి వారము పని చిల్లరది, కాని అదే ఎక్కువ. బోర్డో పేస్టు నీలపు మరకను పాత పళ్ల బ్రష్షుతో రుద్ది తీయాలి. బోరునీటి తెల్లచారలు ప్రతి ఆకు మీద తడిగుడ్డతో తుడవాలి. నీళ్లట్యాంకు వెనుక నీడలో మొలిచిన పాచిని పలుచగా చెక్కి మట్టి మీద పరచాలి. బండకు ఒక చుక్క కొబ్బరినూనె. వెనుక తెల్లబట్ట. గుడి బల్ల మీది తెల్లగుడ్డ అడిగితే మా ఇల్లాలు చూచిన చూపుకు మా పంచెనే కట్టాము.

తగవు సున్నము దగ్గర వచ్చింది. ముందుగా చెట్లను చూచిపోవడానికి వచ్చిన నిర్వాహకులొకరు, వేళ్ల మొదట్లో సున్నపు పెచ్చులు, రాతిముక్కలు ఉంటే ప్రదర్శనకు తగదు, శుభ్రము చేయండి అన్నారు. తడిపి, వెదురుపుల్లతో ఎడమవైపు జానెడు వరకు తీశాము. క్రింద బెరడు కట్టు విప్పిన చేయి వలె పాలిపోయి ఉంది. మా ఇల్లాలు పుల్లను తీసి ప్రక్కన పెట్టి, "ఆ ఇంటిలో మిగిలింది ఇదే గదా" అన్నది. కుడివైపు ముట్టలేదు. చూపుకు ఒకవైపు ఒక తీరు, ఇంకొకవైపు ఇంకొక తీరుగానే ఉంది. బహుమానము ఇచ్చేవారు దానిని చూచే ఉంటారు.

చీటీ మీద మూడు గీతలుంటాయి. చెట్టు పేరు: రావి. పెంచినవారు: మా పేరు. శిక్షణ కాలము: 5 సంవత్సరములు. అట్లే వ్రాసి ఇచ్చాము, ఏ ఆలోచనా లేకుండ.

వాషింగ్టను నగరములోని జాతీయ వృక్షోద్యానములో ఒక జపాను తెల్ల పైను చెట్టు ఉంది. 1976లో జపాను అమెరికాకు కానుకగా ఇచ్చిన 53 బోన్సాయ్‌లలో అది ఒకటి. 1625 నుండి పెంచినది. ఇచ్చిన యమాకి కుటుంబము హిరోషిమా వాసులు. 1945 ఆగస్టు 6న బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరములో, వారి పెరటి గోడ చాటున ఆ చెట్టు నిలిచింది. ఈ సంగతి అక్కడివారికి తెలిసింది 2001లో, ఇచ్చినవాని మనుమలు చూడవచ్చి చెప్పినప్పుడు. పాతికేళ్లు దాని ముందు నడిచిపోయినవారు ఒక అందమైన చెట్టును మాత్రము చూచారు. ఈ కథ మాకు ఎప్పుడో తెలుసు. తెలిసి కూడ ఆ చీటీని అట్లా వ్రాశాము.

ప్రదర్శన రెండవ దినము ఆదివారము. సాయంత్రము మనవడు అవ్వను బండి మీద తీసుకొని వచ్చాడు. అవ్వ ముందు ఆకులు చూచింది. తరువాత వంగి, కుడివైపు సున్నము మీద వ్రేలు పెట్టింది. "ఇది పడసాల గోడదే" అన్నది. తరువాత చీటీ చదవమన్నది. మనవడు చదివాడు.

"అయిదేండ్లా? మరి నా కొడవలి?"

మా వద్ద జవాబు లేదు. ఏటా ఒకే చోట కోసి, మొదలును లావెక్కించి, కొమ్మలను దగ్గర చేసింది ఆ కొడవలి. మేము ఐదేళ్లలో చేసినదల్లా ఒక కొమ్మను చంపి, తీగ మచ్చలు వేసి, ఒక బండ మీద నిలబెట్టడము. పెద్దకొడుకు పెండ్లి ఏ ఏడని అడిగితే 1994 అన్నది. జేబులో పెన్ను తీసి 5 కొట్టివేసి 31 వ్రాశాము. మా పేరుకు పైన అవ్వ పేరు, తాళ్లప్రొద్దుటూరు అని వ్రాశాము. చీటీ మీద దిద్దుబాటు ఉండరాదని బల్ల దగ్గరి కుర్రవాడు అన్నాడు. ఉండనీ నాయనా అన్నాము.

ముగిసిన తరువాత, "నీ చెట్టు నీవు తీసుకొనిపో అవ్వా" అని అడిగాము. నిజముగానే అడిగాము.

"కాలనీ ఇంట్లో మిద్దె మీద నిప్పులయ్యా. పొద్దున, మాపున నీళ్లు పోసేదెవురు? మీకాడనే ఉండనీ" అన్నది. బండి ఎక్కబోతూ ఆగి, మరల వెనుకకు తిరిగి అన్నది:

"ఆకులు పెరికే ముందర మాత్రం నాకొక మాట చెప్పి పెరకండయ్యా."